ఐదు అని రాసి ఉన్నచోట

ఎల్లాజీ గారిని నేను దాదాపు ఆరు నెలలపాటు అద్దంలోంచే చూశాను. నేను చదివే గది ఇటు, ఆయన రికార్డు చేసే గది అటు, మధ్యలో రెండు పొరల అద్దం. నేను చదివేది ఆయన చెవుల్లో మోగేది. ఆయన మీట నొక్కి మాట్లాడితే నా చెవుల్లో వినిపించేది. మీట వదిలేస్తే ఆయన పెదవులు కదులుతున్నా నాకేమీ వినపడదు. ఆ ఏర్పాటు ఇద్దరికీ నచ్చింది. ఎదురుగా కూర్చుని మాట్లాడమంటే నాకు గొంతు పెగలదు. ఆయనకీ అంతేనని కొన్నాళ్ళకి తెలిసింది.

అది 2008. ఎమ్మే తెలుగు అయిపోయి ఖాళీగా ఉన్నాను. మాదాపూర్‌లో ఒక కంపెనీ బడిపిల్లల పాఠాలను సీడీల మీదికి తెస్తోంది. పాఠం చదివే గొంతు కావాలంటే వెళ్ళాను. కంపెనీ భవనమంతా అద్దాలే గాని రికార్డింగు మాత్రం అక్కడ కాదు. బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన పాత బావి వెనక సందులో, గోనెసంచుల గోడౌను మీద, వెంకటరత్నం గారి స్టూడియోలో. మొత్తం నూరు పాఠాలు. వారానికి మూడు రోజులు పని.

ఎల్లాజీ గారు ఆ స్టూడియో ఇంజినీరు. ఆ మాటకి ఆయనే ఒప్పుకునేవారు కాదు. "ఇంజినీరంటే సదూకున్నోళ్ళమ్మా. నేను నాబులు తిప్పేవోణ్ణి," అనేవారు. యలమంచిలి దగ్గర పల్లె ఆయనది. ఇరవయ్యో ఏట రైలు దిగి, మొదట క్యాసెట్ల కంపెనీలో పెట్టెలు మోసి, తర్వాత వైర్లు చుట్టి, తర్వాత వెంకటరత్నం గారి దగ్గర కుర్చీలో కూర్చున్నారు. ఆ కుర్చీలోంచి ఇరవైరెండేళ్ళు లేవలేదు. అయ్యప్ప పాటలు, పెళ్ళిపాటలు, ఎన్నికల పాటలు, ఆటోలకి కట్టి తిప్పే ప్రచారాలు ఎన్నో ఆయన చేతుల మీదుగా వెళ్ళాయి. ఏ క్యాసెట్టు అట్ట మీదా ఆయన పేరు లేదు. పెళ్ళి చేసుకోలేదు. మౌలాలి రైల్వే కాలనీ వెనక ఒంటిగదిలో ఉండేవారు. అనకాపల్లిలో కాంతమణి అని అక్క ఉంది, ఆదివారం ఆదివారం ఫోను చేస్తుంది.

"ఏం మాట్లాడుకుంటారండీ?" అని ఒకసారి అడిగాను.

"అన్నం తిన్నావా అంటాది. తిన్నానంటాను. నువ్వు తిన్నావా అంటాను. అక్కడితో అయిపోద్ది," అని మీట వదిలేశారు. మళ్ళీ నొక్కి, "రెండో పేరా. 'సముద్రగర్భం' దగ్గర ఊపిరి తీశారు. వినపడిపోతన్నాది," అన్నారు.

ఆయన కుర్చీకి కుడిపక్క ఒక ఆకుపచ్చ ఇనుప పెట్టె ఉండేది. గొంతులో లావునీ సన్నదనాన్నీ పెంచి తగ్గించే ఈక్వలైజరు అది. విదేశీ సరుకు, లోపల పాత రేడియోల్లోలాంటి గాజు వాల్వులు. మద్రాసులో ఒక రికార్డింగ్ థియేటరు మూసేసినప్పుడు వెంకటరత్నం గారు కొనుక్కొచ్చారు. పొద్దున్నే స్విచ్చి వేస్తే వేడెక్కడానికి అరగంట పట్టేది. ఆ అరగంటలో ఎల్లాజీ గారు పెట్టెని గుడ్డతో తుడిచి, తర్వాత దాని మీద చెయ్యి ఆనించి ఊరికే కూర్చునేవారు. అందులో ఒక నాబు చుట్టూ మూడు, నాలుగు, ఐదు, ఎనిమిది, పది అని అంకెలు ఉన్నాయి. అవి సెకనుకి ఎన్ని వేల కంపనాలో చెప్పే లెక్క; నాబు అంకె మీదే తప్ప మధ్యలో ఆగదు. చిన్న అంకె దగ్గర పెడితే మాట మొద్దుగా, పెద్ద అంకె దగ్గర పెడితే పదునుగా తోస్తుంది. మాట్లాడే గొంతు ఏది వచ్చినా ఆయన ఐదు దగ్గర పెట్టేవారు. చూసి కాదు. చెయ్యి వెళ్ళి అక్కడ ఆగేది, అంతే.

నలభై పాఠాలు అయ్యాక, ఎండాకాలంలో, వెంకటరత్నం గారు ఆ పెట్టెను అమ్మేశారు. చెన్నైలో ఇలాంటి పాత సామాను సేకరించే ఒక పెద్దమనిషి కొన్నాడు. దాని బదులు కంప్యూటర్లో ఒక సాఫ్ట్‌వేరు వచ్చింది. దాన్ని పెట్టడానికి నాగసాయి అనే అతను వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి, అంతకుముందు యానిమేషన్ కంపెనీలో సౌండు పని చేశాడు.

ఆ రోజు తెర మీద ఆకుపచ్చ పెట్టె బొమ్మ వచ్చింది. అవే నాబులు, అవే అంకెలు. మూలల్లో మరలు, కొంచెం తుప్పు కూడా గీశారు.

"మీ బాక్సే సార్, సేమ్ టు సేమ్," అన్నాడు నాగసాయి. "ఒరిజినల్ పీస్ దగ్గర పెట్టుకుని లోపలి పార్టు పార్టు మెజర్ చేసి తయారుచేశారంట. వేడెక్కేదాకా వెయిట్ చేసే పని కూడా లేదు."

ఎల్లాజీ గారి దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. ఏ గొంతుకి ఏ నాబు ఎక్కడుండాలో సున్నాలు చుట్టి, లోపల గీత గీసి పెట్టుకున్నారు. నా గొంతు పేజీ తీసి, మౌస్‌తో ఒక్కొక్క నాబూ అక్కడికే తిప్పారు. నా పాత పాఠం ఒకటి పెట్టి విన్నారు. హెడ్‌ఫోను తీశారు, తుడిచారు, మళ్ళీ పెట్టుకుని విన్నారు. ఏదో అన్నారు. మీట నొక్కలేదు కాబట్టి నాకు వినపడలేదు.

నలభై ఒకటో పాఠం నుంచి కంపెనీ వాళ్ళు ఒప్పుకోలేదు. పాఠాలు చూసుకునే ఇంద్రజ గారు వెంకటరత్నం గారికి ఫోన్ చేసి, "సార్, చదివే అమ్మాయిని మార్చారా?" అని అడిగారట. మార్చలేదంటే, మరి గొంతు ఎందుకు గుచ్చుకుంటోంది, 'స' వచ్చినచోటల్లా ఈల వేసినట్టుంది, నూరు పాఠాలూ ఒక్కలా ఉండాలి కదా అన్నారు. పది పాఠాలు తిప్పి పంపారు.

వెంకటరత్నం గారు మంచివారే. బందరు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. గట్టిగా మాట్లాడతారు, మాట దాచుకోరు.

"ఏమయ్యా ఎల్లాజీ, నాబులు పుస్తకంలో ఉన్నట్టే పెట్టావా?"

"పెట్టానండి బాబూ."

"గొంతు అదే. మైకు అదే. పెట్టె అదే."

"పెట్టె అది కాదండి."

"అదేనని సాఫ్ట్‌వేరు కంపెనీ వాడు పుస్తకం అచ్చేసి మరీ చెప్తుంటే?"

నాగసాయి ఆ పుస్తకం తెచ్చి చూపించాడు. గీతలు, పట్టికలు. అతని మాటలో వెటకారం లేదు. "సార్ చెప్పేది తప్పని కాదు సార్. ఏజ్‌తో సన్న సౌండ్స్, హై ఫ్రీక్వెన్సీస్, వినపడటం తగ్గుతుంది కదా. తెలియకుండానే కొంచెం ఎక్కువ ఇచ్చేస్తాం. అందరికీ జరిగేదే," అన్నాడు.

వెంకటరత్నం గారు ఆయన్ని చెవుల డాక్టరు దగ్గరికి పంపారు. చీటీలో వయసుకి తగ్గట్టుగానే ఉందని రాశారట. ఆ చీటీని ఎవరికి కావలసినట్టు వాళ్ళు చదువుకున్నారు. ఒకటో తారీకు నుంచి నాగసాయి కుర్చీలో కూర్చుంటాడనీ, ఎల్లాజీ గారు పక్కనుండి చూసుకుంటే చాలనీ వెంకటరత్నం గారు చెప్పారు. మర్యాదగానే చెప్పారు.

ఆ వారంలో ఒకరోజు పాఠం మధ్యలో ఆయన మీట నొక్కి, "అమ్మా, మీ పాఠమే రెండుసార్లు వినిపిస్తాను. ఏది బాగుందో చెప్తారా?" అన్నారు. కళ్ళు మూసుకుని విన్నాను. నా గొంతు నాకే కొత్త. తేడా ఏమీ పట్టుకోలేకపోయాను. కానీ ఆయన అద్దం అవతల ముందుకి వంగి చూస్తున్నారు.

"రెండోది నయమండీ. కొంచెం మెత్తగా ఉంది."

ఆయన వెనక్కి జరిగి కూర్చున్నారు. "రెండూ ఒకటేనమ్మా," అన్నారు తర్వాత. "పర్లేదు. ఎవరైనా అలాగే అంటారు. పంతొమ్మిదో పేజీ."

ఆ పేజీ ఎలా చదివానో నాకు గుర్తులేదు.

తర్వాతి సోమవారం ఆయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కాతో వచ్చారు. నాగసాయి ఇంకా రాలేదు. నేను మైకు ముందు కూర్చున్నాక మీట నొక్కారు. పాఠం మొదలుపెట్టమంటారేమో అనుకున్నాను. ఆయన తన సంగతి మొదలుపెట్టారు. అద్దం వైపు కాకుండా ఎదురుగా ఉన్న తెర వైపు చూస్తూ చెప్పారు.

1991 వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు తగ్గుతూ పెరుగుతూ ఉంది. అలాంటప్పుడు పెట్టె స్విచ్చి వెయ్యకూడదని వెంకటరత్నం గారి ఆజ్ఞ. పాట పాడేవాళ్ళు తొందరపెడితే ఎల్లాజీ గారు వేశారు. చిటుక్కుమని చప్పుడు, కాలిన వాసన. యజమాని ఆ వారం బందరులో ఉన్నారు. ఎల్లాజీ గారు పెట్టెను సంచిలో చుట్టి, రిక్షాలో పెట్టుకుని, రాణిగంజ్‌లో రేడియోలు బాగుచేసే తుకారాం దగ్గరికి తీసుకెళ్ళారు. రెండు రోజుల్లో అది మళ్ళీ పలికింది. యజమాని వచ్చేసరికి దాని చోట అది ఉంది. చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ పదిహేడేళ్ళు గడిచాయి.

"నాగసాయి బాబు 'లోపలి పార్టు పార్టు కొలిచారు' అన్నాడు కదా. నిన్న బస్సులో వెళ్తంటే అది గుర్తొచ్చింది. మా పెట్టెలో అన్ని పార్టులూ వాళ్ళవి కాదే అని. అలాగే దిగిపోయి రాణిగంజ్ వెళ్ళీసాను."

తుకారాం కొట్టు ఇంకా ఉంది. రేడియోల బదులు సెల్‌ఫోన్లు వేలాడుతున్నాయి. మనిషికి తల నెరిసింది, బుర్ర మాత్రం చురుగ్గానే ఉంది. ఎల్లాజీ గారు అతని మాటలు అతనిలాగే చెప్పి వినిపించారు. గొంతులు పట్టడం ఆయనకి అలవాటు.

"పచ్చడబ్బా గదా సాబ్? ఎందుకు యాదికుండదు. జెరసేపు కాదు, రెండు దినాలు పరేషాన్ జేసింది నన్ను. దాంట్ల ఒక కండెన్సర్ కాలిపోయింది. అసుంటిది ఈడ యాడ దొర్కుతది? ఒక పాత వాల్వు రేడియో ఉండె, దాంట్లకెళ్ళి పీకి ఏసిన."

"అదే లెక్కదేనా తుకారాం?"

"యాడిది సాబ్. దానికి డబుల్ ఉంటది. నువ్వేమన్నవ్ గప్పుడు? ఎట్లన్న జెయ్యి, సేటు వచ్చేలోపు మోగాలె అన్నవ్. మోగింది గదా. ఇంకేం తక్లీఫ్?"

ఎల్లాజీ గారు అక్కడే కాగితం మీద లెక్క వేయించుకున్నారు. కండెన్సరు విలువ రెట్టింపైతే అంకె సగమైపోదట, దాదాపు మూడోవంతు తగ్గుతుందట; ఐదు అని రాసి ఉన్నచోట మోగేది ఐదు కాదు, మూడున్నర. పదిహేడేళ్ళూ ఆయన చెయ్యి ఐదు దగ్గర ఆగింది, చెవి మూడున్నర వింది. తెర మీద బొమ్మ గీసినవాళ్ళు మాత్రం నిజమైన ఐదునే పెట్టారు.

"మూడున్నర ఆ నాబు మీద లేనే లేదమ్మా. మూడు ఉంది, నాలుగుంది. అందికే ఎంత తిప్పినా దొరకలేదు."

కంప్యూటర్లోనే ఇంకొక ఈక్వలైజరు ఉంది. దానికి బొమ్మా లేదు, నాబులూ లేవు. బూడిదరంగు గడిలో ఏ అంకె కావాలంటే అది కొట్టుకోవచ్చు. ఆయన దాన్ని తెరిచి మూడున్నర అని కొట్టారు. నా నలభై ఒకటో పాఠం పెట్టి, కళ్ళు మూసుకుని విన్నారు. నేను అద్దంలోంచి ఆయన ముఖం చూస్తున్నాను. ఏమీ మారలేదు ఆ ముఖంలో. చెయ్యి మాత్రం కుడిపక్కకి వెళ్ళి, పెట్టె ఉండే ఖాళీ బల్ల మీద ఆగింది.

పది పాఠాలూ ఆ లెక్కన సరిచేసి పంపారు. మర్నాటికి ఇంద్రజ గారు ఒప్పేసుకున్నారు, "ఇప్పుడు అదే అమ్మాయి," అన్నారట.

ఇక్కడితో కథ సుఖంగా అయిపోవచ్చు. కాలేదు. ఇప్పుడు అందరికీ అర్థమైంది ఏమిటంటే, ఎల్లాజీ గారు ఇన్నాళ్ళూ తప్పు పెట్టి, ఆఖరికి సరిదిద్దుకున్నారని. ఒకటో తారీకు మాట అలాగే ఉంది.

"వెంకటరత్నం గారికి అంతా చెప్పీగలను," అన్నారాయన మీట నొక్కి. "చెప్తే చెవులు నిలబడతాయి. మాట పడిపోద్ది. చెన్నై ఆయన కొనేముందు, పెట్టె ఎప్పుడైనా విప్పారా అని అడిగాడంట. వెంకటరత్నం గారు నన్నడిగారు. లేదండీ అన్నాను. ఎంత తొందరగా అన్నానో నాకే తెలీదు. ఆయన నా మాట మీద రాసిచ్చేశారు."

ఆయన నా జవాబు కోసం ఆగారు. చెప్పండి అనో, వద్దు అనో ఏదో ఒకటి అనాల్సింది. పుస్తకాల్లో ఇలాంటి చోట్ల మనుషులు ఏం మాట్లాడతారో నాకు బోలెడు తెలుసు.

"తర్వాతి పేరా చదవనా అండీ?" అన్నాను.

"చదవండమ్మా," అన్నారు.

బుధవారం పదకొండు గంటలకి వెంకటరత్నం గారు గదిలోకి వచ్చారు. నాగసాయి కంప్యూటరు ముందు నిలబడి ఉన్నాడు. నేను మైకు దగ్గర హెడ్‌ఫోను పెట్టుకునే ఉన్నాను. ఎల్లాజీ గారు కుర్చీలోంచి లేచారు. మీట నొక్కినది నొక్కినట్టే ఉంది. ఆయన దాన్ని కావాలనే అలా ఉంచారో, మరిచిపోయారో నాకు ఇప్పటికీ తెలియదు. ప్రతి మాటా నా చెవుల్లో పడింది.

ఆయన చెప్పింది ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. కరెంటు, కాలిన వాసన, రిక్షా, తుకారాం, రెట్టింపు కండెన్సరు. చివర్లో, "నా చెవులు బాగానే ఉన్నాయండి బాబూ," అన్నారు.

నాగసాయి మొదట తేరుకున్నాడు. "అంటే సార్ విన్నది కరెక్టే," అన్నాడు. తెర మీద లెక్క వేసి చూసి, "త్రీ పాయింట్ ఫైవ్. కరెక్టే సార్," అని మళ్ళీ అన్నాడు. అతని గొంతులో నిజమైన గౌరవం ఉంది.

వెంకటరత్నం గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, ఆ రోజు మీట దగ్గర మైకు లేకపోతే నాకు వినపడేది కాదు.

"చెవులు పోయాయంటే సర్దుకునేవాణ్ణి ఎల్లాజీ. వయసు ఎవరికి రాదు? పెట్టె కాలిందని ఆ రోజే చెప్పినా నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. మొన్న అడిగానే. మొన్న కూడా చెప్పలేదే."

ఎల్లాజీ గారు నోటుపుస్తకం మూసి పక్కన పెట్టారు.

వెంకటరత్నం గారు అక్కడే చెన్నైకి ఫోను చేశారు. తమిళమూ తెలుగూ కలిపి విషయం దాచకుండా చెప్పేశారు. అవతల మనిషి మాట్లాడుతుంటే తలూపుతూ విన్నారు. కాసేపటికి ఆయన భుజాలు తేలికపడ్డాయి. ఫోను పక్కకి పెట్టి, "వాళ్ళ మెకానిక్కు విప్పగానే చూశాడట. ఏదో రేడియో ముక్క ఉంటే పీకేసి, అసలుది తెప్పించి వేశాడట. ఇప్పుడు చక్కగా మోగుతోందిట. ఆయనకేమీ పట్టింపు లేదు," అన్నారు.

"ఆ తీసిన ముక్క ఉందేమో అడగండి బాబూ," అన్నారు ఎల్లాజీ గారు.

వెంకటరత్నం గారు ఆయన ముఖం చూసి, అడిగారు. పారేశారట.

ఒకటో తారీకున నాగసాయి కుర్చీలో కూర్చున్నాడు. మూడున్నర అంకె అలాగే ఉంచాడు. దాన్ని కంప్యూటర్లో దాచుకున్నాడు కాబట్టి రోజూ కొట్టే పని కూడా లేదు. ఊపిరి వినపడితే అది కూడా ఏదో సాఫ్ట్‌వేరుతో తీసేసేవాడు, నాకు చెప్పేవాడు కాదు. పాఠానికీ పాఠానికీ మధ్య అతను ఈమెయిళ్ళు చూసుకునేవాడు. నేను నా కాగితాలు చూసుకునేదాన్ని. నూరు పాఠాలూ దీపావళికి అయిపోయాయి.

ఎల్లాజీ గారిని వెనక గదిలో వేశారు. పాత క్యాసెట్లను కంప్యూటర్‌కి ఎక్కించే పని. ఆఖరి రోజున చెప్పి వెళ్దామని అక్కడికి వెళ్ళాను. మధ్యలో అద్దం లేకుండా ఆయన్ని చూడడం అదే మొదలు. అనుకున్నదానికన్నా పొట్టిగా ఉన్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు, నేను కూర్చోమన్నాను, ఆయన నన్ను కూర్చోమన్నారు. కుర్చీ ఒకటే ఉంది.

నేల మీద క్యాసెట్లు రెండు కుప్పలుగా ఉన్నాయి. ఎడమది చిన్నది, కుడిది మోకాలెత్తు. చాలావాటికి అట్టలు లేవు, తేదీలు లేవు.

"ఎలా వేరుచేస్తున్నారండీ?"

"ఎడమవి పెట్టె కాలకముందువి. కుడివి తర్వాతవి."

"తేదీలు లేవు కదా."

"వింటే తెలిసిపోద్ది కదమ్మా," అన్నారు. తల దించుకుని, "తర్వాతవే బాగున్నాయి," అన్నారు.

"వెంకటరత్నం గారితో చెప్పారా?"

"ఏటని చెప్తాను?"

కింద గోడౌనులో ఎవరో సంచులు దులుపుతున్నారు. వెళ్ళొస్తానన్నాను, మంచిదమ్మా అన్నారు. ఆయన కూర్చుని, అట్ట లేని ఇంకో క్యాసెట్టు పెట్టి, హెడ్‌ఫోను తగిలించుకున్నారు. నేను గుమ్మం దాటకముందే ఆ క్యాసెట్టు తీసి కుడి కుప్పలో పెట్టారు.